థైరాయిడ్ పథ్యం: ఉప్పు సంగతి, మాత్ర సంగతి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలోని ఆరోగ్యం పేజీని చాలా ఏళ్లుగా వదలకుండా చదువుతున్నాను. తణుకులో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును కనుక, ఆదివారం ఆ పేజీలో అచ్చయినది సోమవారం పొద్దున్నే ప్రశ్నగా మారి నా కౌంటరు ముందుకు వస్తుంది. థైరాయిడ్‌ను తగ్గించే ఆహారాలంటూ ఈమధ్య తరచుగా వస్తున్న వ్యాసాలు చదివినవాళ్లు అడిగేవి దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. ధనియాల నీళ్లు తాగుతున్నాను కదా, మాత్ర ఆపేయవచ్చా అని ఒకరు, క్యాబేజీ ముట్టుకోకూడదట కదా అని ఇంకొకరు, అయోడిన్ ఉప్పు వల్లే ఈ జబ్బు వస్తోందట, నిజమేనా అని మరొకరు. పక్కన నలుగురు మందుల చీటీలు పట్టుకుని నిలబడి ఉండగా వీటికి రెండు మాటల్లో జవాబు చెప్పడం సాధ్యం కాదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆహారానికీ థైరాయిడ్‌కూ సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. కానీ ఆ సంబంధం ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది: వంటింట్లోని ఉప్పు డబ్బాలో, మాత్ర వేసుకునే వేళలో. మీ వ్యాసాలు ఈ రెండింటినీ దాటవేసి కషాయాల దగ్గర ఆగిపోతున్నాయన్నది నా ఫిర్యాదు.

గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. అయోడిన్ అందకపోతే ఆ హార్మోన్ తయారు కాదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లెక్క వేసి చూస్తే డెబ్బై ఏళ్ల జీవితానికి మొత్తం కలిపినా నాలుగు గ్రాములు దాటదు. అయినా ఆ కాస్తా ఒక్కసారిగా తిని నిలవ చేసుకునే వీలు లేదు, ఏ రోజుది ఆ రోజు అందుతూ ఉండవలసిందే. వానలకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోయిన నేలల్లో పండే పంటలో కూడా అది తగినంత ఉండదు కనుక, ఏ కూర తినాలి, ఏ పండు తినాలి అని జాబితాలు రాసుకున్నంత మాత్రాన ఈ లోటు తీరదు.

ఈ విషయాన్ని మన దేశంలో తిరుగులేకుండా రుజువు చేసినవారు తెలుగువారే కావడం మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో హిమాలయాల పాదాల దగ్గర ఉన్న కాంగ్రా లోయలో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. కొన్నేళ్ల తర్వాత బడిపిల్లల గొంతులు పరీక్షిస్తే, అయోడిన్ ఉప్పు తిన్న రెండు మండలాల్లో గొంతు వాపు, అంటే గాయిటర్, బాగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్నచోట అటువంటి తగ్గుదల లేదు. 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టడానికి ఈ పని పునాది అయింది. ఆ తర్వాత ఆయన ఢిల్లీలోని ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిషేధం 2000లో ఒకసారి ఎత్తివేసినా, 2006 మే 17 నుంచి మళ్లీ దేశమంతటా అమలులోకి వచ్చింది.

ఇంతటి మనిషిని కన్న రాష్ట్రం ఈ విషయంలో ఎక్కడ ఉందో చూడండి. 2018-19లో దేశవ్యాప్తంగా ఇళ్లలోని ఉప్పును పరీక్షించిన సర్వేలో, తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడుతున్న కుటుంబాలు దేశం మొత్తం మీద 76.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 63.9 శాతమే ఉన్నాయి. మనకంటే కింద ఉన్నది 61.9 శాతంతో తమిళనాడు ఒక్కటే. అడుగున ఉన్న అయిదు రాష్ట్రాల్లో రాజస్థాన్, ఒడిశా కూడా ఉన్నాయి. మనతో, తమిళనాడుతో కలిపి ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ ఉప్పు పండుతుందన్న సంగతి గమనిస్తే కారణం సగం అర్థమవుతుంది. నౌపడ నుంచి చినగంజాం దాకా మన తీరం పొడుగునా ఉప్పు కొటారులే. కొటారు నుంచి నేరుగా బస్తాల్లో వచ్చే కల్లుప్పు ఊళ్లలో చవకగా దొరుకుతుంది. సముద్రం నుంచి వచ్చింది కనుక అందులో అయోడిన్ ఉండకపోతుందా అని చాలామంది నమ్మకం. సముద్రపు నీటిలో అయోడిన్ ఉన్నా, నీరు ఆవిరై గడ్డకట్టిన ఉప్పులో మిగిలేది లెక్కలోకి రానంత స్వల్పం.

చదువుకున్న ఇళ్లలో మరో దారిన ఇదే లోటు వస్తోంది. కార్తీక మాసపు ఉపవాసాలకూ ఏకాదశులకూ పరిమితమైన సైంధవ లవణం ఇప్పుడు గులాబీ రంగు హిమాలయన్ ఉప్పు పేరుతో ఏడాది పొడుగునా వంటలోకి చేరింది. కిరాణా దుకాణంలో ఈ రెండు ప్యాకెట్లనూ పక్కపక్కన పెట్టి చదవండి. మామూలు ప్యాకెట్ మీద అయోడిన్ 15 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 15 భాగాలకు) తగ్గదని ఉంటుంది, చాలావాటి మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ కూడా ఉంటుంది. గులాబీ ఉప్పు మీద ఖనిజాల గురించి ఎన్నో మాటలు ఉంటాయి గానీ, అయోడిన్ ఊసు సాధారణంగా ఉండదు. కిలోకు ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెట్టి, ఆరోగ్యం కోసమని, గ్రంథికి కావలసిన ముఖ్యమైన వస్తువును ఇంట్లోంచి బయటికి పంపేస్తున్నామన్నమాట.

ఇక మన పచ్చళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆవకాయకూ మాగాయకూ దంచిన కల్లుప్పే వాడాలని, ప్యాకెట్ ఉప్పు వేస్తే పచ్చడి పాడవుతుందని పెద్దవాళ్లు పట్టుబడతారు. ఆ వాదన జోలికి నేను పోను. కానీ బీపీ ఉందని కూరలో ఉప్పు తగ్గించి, ఆ చప్పదనం పోవడానికి రెండు ఆవకాయ ముక్కలు ఎక్కువ కలుపుకుని తినేవాళ్లను ఎందరినో చూస్తుంటాను. వాళ్లకు బీపీ పెంచే సోడియం పూర్తిగా అందుతుంది, అయోడిన్ మాత్రం అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దంటోంది. మన నిబంధనల ప్రకారం ఉప్పు వినియోగదారుడి చేతికి వచ్చేసరికి అందులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి. అంటే గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు. ఆ లెక్కన అయిదు గ్రాముల ఉప్పులో కనిష్ఠంగా 75 మైక్రోగ్రాములు వస్తాయి. మిగిలింది పాలు, పెరుగు, గుడ్డు, సముద్రపు చేపల నుంచి రావాలి. కనుక తక్కువ తిన్నా ఆ తినే ఉప్పు అయోడిన్ ఉన్నదై ఉండాలి, దాన్ని గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోవాలి. మన దగ్గర ఉప్పులో కలిపేది తేమకు తట్టుకునే పొటాషియం అయోడేటే అయినా, మూతలేని గిన్నెలో పోసి, తడి చేత్తో తీస్తూ, పొయ్యి పక్కనే నెలల తరబడి ఉంచితే ఎంతో కొంత పోతుంది.

అయోడిన్ ఉప్పు వల్లే థైరాయిడ్ జబ్బులు పెరిగాయన్న ప్రచారంలో ఇసుమంత నిజం ఉంది కనుకే అది అంతగా పాకుతోంది. అయోడిన్ తక్కువగా ఉన్న జనాభాకు కొత్తగా అందించినప్పుడు హైపోథైరాయిడ్, అంటే గ్రంథి హార్మోన్ తగ్గిపోయే జబ్బు, కేసులు కొంత పెరగడం డెన్మార్క్‌లో జాగ్రత్తగా నమోదు చేశారు. అక్కడ 2000లో ఉప్పులో అయోడిన్ కలపడం తప్పనిసరి చేశాక ఆ కేసులు కొంత పెరిగినా, గాయిటర్లు మాత్రం తగ్గాయి. అసలు అయోడిన్ లేని చోట పుట్టే పిల్లల మెదడు ఎదుగుదలకు జరిగే నష్టంతో పోల్చి చూడవలసిన విషయమిది. ఆ నష్టం తర్వాత ఏ మందుతోనూ పూడదు. ఉప్పులో ఉండే మోతాదు వేరు, ఆన్‌లైన్‌లో సముద్రపు నాచు మాత్రల పేరుతో అమ్ముతున్న మోతాదు వేరు. ఆ మాత్రల్లో అయోడిన్ మితిమీరి ఉండవచ్చు, గ్రంథి జబ్బు ఉన్నవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ కుటుంబంలోని కూరల్లో అయోడిన్ వాడకానికి అడ్డుపడే పదార్థాలు ఉన్న మాట నిజం. అయితే వాటిని తయారుచేసే ఎంజైము వేడికి దెబ్బతింటుంది, మనం క్యాబేజీ పచ్చిగా తినేదీ తక్కువే. 2010లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన కేసు చూస్తే ఎంత తింటే ప్రమాదమో తెలుస్తుంది. న్యూయార్క్‌లో 88 ఏళ్ల ఒక చైనా వృద్ధురాలు, మధుమేహం తగ్గుతుందని, ఇదే జాతికి చెందిన బాక్ చోయ్ ఆకుకూరను రోజుకు కిలో నుంచి కిలోన్నర దాకా నెలల తరబడి పచ్చిగానే తిని, థైరాయిడ్ పూర్తిగా పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు. వారానికి రెండుసార్లు పెసరపప్పు వేసి క్యాబేజీ కూర వండుకునేవాళ్లకు ఆ భయం అక్కరలేదు. సజ్జల విషయం కొంచెం వేరు. సూడాన్‌లోని డార్‌ఫుర్‌లో సజ్జలే ప్రధాన ఆహారమై, అయోడిన్ కూడా కొరవడినచోట గాయిటర్ ఎక్కువని పరిశోధకులు గుర్తించారు, సజ్జలోని కొన్ని పదార్థాలు వండినా పోవు. ఆరోగ్యం కోసమని మూడు పూటలా చిరుధాన్యాలకు మారి, అదే సమయంలో గులాబీ ఉప్పుకూ మారి, పాలు కూడా మానేసిన కుటుంబాలు ఇప్పుడు పట్టణాల్లో కనిపిస్తున్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పెద్ద చేటు కాకపోవచ్చు గానీ మూడూ ఒకే వైపుకు లాగుతాయి. సజ్జరొట్టె మానమని నేను చెప్పను, ఉప్పు మార్చుకోమంటాను.

ఇంతవరకు చెప్పింది అయోడిన్ లోటు గురించి. నా కౌంటరు దగ్గరికి థైరాయిడ్ మాత్రల కోసం వచ్చేవారిలో చాలామందికి ఉన్నది వేరే జబ్బు. అయోడిన్ సరిపడా అందుతున్న ప్రాంతాల్లో హైపోథైరాయిడ్‌కు ప్రధాన కారణం, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే గ్రంథిపై దాడి చేయడం. 1912లో దీన్ని వివరించిన జపాన్ వైద్యుడు హకారు హషిమోటో పేరుతోనే ఈ జబ్బును పిలుస్తారు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో 10.95 శాతం మందికి హైపోథైరాయిడ్ ఉన్నట్లు తేలింది, వారిలో దాదాపు మూడో వంతు మందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. దెబ్బతిన్న గ్రంథిని తిరిగి మామూలు స్థితికి తెచ్చే ఆహారం ఏదీ ఇంతవరకు లేదు. ధనియాలు, బూడిద గుమ్మడి రసం, మునగాకు, ఏవైనా తినండి, తాగండి, మాత్రకు బదులుగా మాత్రం కాదు.

అలాంటప్పుడు కషాయం తాగితే తగ్గిందని అంతమంది ఎందుకు చెబుతున్నారు? వాళ్లందరూ అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను. ఒంట్లోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మాత్ర ఆపి కషాయం మొదలుపెట్టినవారికి మొదటి రెండు మూడు వారాలు ఏ తేడా తెలియకపోవడం సహజం, ఆ తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు రక్తంలో పెరిగే మరో హార్మోన్, పరీక్షలో చూసే అంకె ఇదే) మెల్లగా ఎక్కడం మొదలవుతుంది. స్వల్పంగా పెరిగిన టీఎస్‌హెచ్ మందేమీ లేకుండానే రెండో పరీక్షలో మామూలుకు రావడం కూడా తరచుగా జరుగుతుంది, కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ తేడాలు చాలామందిలో కొన్నాళ్లకు వాటంతటవే సర్దుకుంటాయి. ఆ మధ్యలో తాగిన కషాయానికి ఆ పేరు దక్కుతుంది. మరొక తమాషా కూడా ఉంది. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల రక్తపరీక్షలను తప్పుదారి పట్టించి టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలని చెప్పేవాళ్లు తక్కువ. అశ్వగంధ విషయంలోనూ జాగ్రత్త అవసరం, అది హార్మోన్‌ను మితిమీరి పెంచిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఆహారం నిజంగా తేడా తెచ్చే రెండో చోటు మాత్ర వేసుకునే వేళ. మా దగ్గర మందులు తీసుకునే ఒక గృహిణి విషయం చెబుతాను. ఆమె చీటీలో లెవోథైరాక్సిన్‌తో, అంటే థైరాయిడ్ మాత్రతో పాటు కాల్షియం, ఐరన్ బిళ్లలు కూడా ఉండేవి. మరిచిపోకుండా ఉండాలని మూడింటినీ ఒకే చిన్న స్టీలు డబ్బాలో దేవుడి గూటి పక్కన పెట్టుకుని, పొద్దున్నే మూడూ కలిపి కాఫీతో వేసుకునేవారు. మాత్ర డోసు 75 మైక్రోగ్రాముల నుంచి 100కు, అక్కడి నుంచి 125కు పెరిగింది గానీ టీఎస్‌హెచ్ దిగలేదు. కాల్షియం, ఐరన్ ఈ మందును పేగుల్లోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు కనుక వాటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎసిడిటీ మందులు, సోయా పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. లెవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ, టిఫిన్ ముట్టకూడదు. కాఫీ పడనిదే కళ్లు తెరుచుకోని జిల్లా మాది కనుక ఇది చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. అలాంటివాళ్లు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకోవచ్చేమో డాక్టరును అడగవచ్చు. ఆ గృహిణి వేళలు మార్చుకున్నాక, డాక్టరు డోసును మళ్లీ తగ్గించవలసి వచ్చింది. ఈ మందు వేడికీ తేమకూ పాడవుతుంది కనుక డబ్బాలు మార్చకుండా వచ్చిన సీసాలోనే, మూత బిగించి ఉంచుకోవడం మేలు. డోసు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ పరీక్షలో సరైన అంకె రాదు.

గర్భం దాల్చిన ఆడవాళ్ల విషయంలో ఆలస్యం పనికిరాదు. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడుకు కావలసిన హార్మోన్ తల్లి నుంచే అందాలి. అప్పటికే మాత్ర వాడుతున్నవారిలో చాలామందికి డోసు పెంచవలసి వస్తుంది కనుక, గర్భం తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి. వాంతులు తగ్గాక చూద్దాంలే అని ఆగితే ఆ ముఖ్యమైన నెలలు గడిచిపోతాయి. హార్మోన్ తయారుచేసే ఎంజైము పనిచేయడానికి ఇనుము కూడా కావాలి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ పథ్యం గురించి రాసేవారు ఈ సంగతిని ప్రస్తావించడం నేను అరుదుగా చూశాను.

జీవనశైలి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నడక, నిద్ర ఎవరికైనా మంచివే, హైపోథైరాయిడ్‌తో పెరిగే కొలెస్ట్రాల్‌కూ నీరసానికీ ఇంకా మంచివి. అవి గ్రంథిని బాగుచేయవు. పొగ తాగేవారికి గ్రేవ్స్ జబ్బు (గ్రంథి హార్మోన్‌ను మితిమీరి తయారుచేసే జబ్బు) వస్తే కళ్లు ఉబికి దెబ్బతినే ప్రమాదం ఎక్కువ, దీనికి మాత్రం స్పష్టమైన ఆధారాలున్నాయి. బరువు విషయంలో అపోహ పెద్దది. హైపోథైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలు, అందులోనూ చాలా భాగం నీరు. ఇరవై కిలోలు పెరిగినదంతా గ్రంథి మీదికి నెట్టి, సన్నబడదామని డాక్టరు చెప్పినదానికంటే ఎక్కువ మాత్రలు వేసుకునేవారిని చూశాను. దానివల్ల గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడడం వంటి ముప్పులున్నాయి.

మీ పత్రికకు నా మనవి రెండే రెండు. థైరాయిడ్ ఆహారం మీద వ్యాసం వేసినప్పుడల్లా, అందులో చెప్పినవి మాత్రకు ప్రత్యామ్నాయం కావని, మాత్ర ఏ వేళకు ఎలా వేసుకోవాలో ఇదీ అని ఆ వ్యాసంలోనే ఒక పేరా అచ్చు వేయండి. ఇక రెండోది. జాతీయ కార్యక్రమం కింద ఉప్పు నమూనాలను పరీక్షించే ఏర్పాటు ఉంది, ఆశా కార్యకర్తలకు చుక్కల మందుతో ఉప్పు రంగు చూసే కిట్లు ఇచ్చే పద్ధతీ ఉంది. మన జిల్లాల్లో ఆ కిట్లు ఎన్ని గ్రామాలకు చేరాయో, కిరాణా దుకాణాల్లోనూ బడుల మధ్యాహ్న భోజన వంటశాలల్లోనూ దొరికిన ఉప్పులో అయోడిన్ ఎంత ఉందో, మీ విలేకరులు ఆరోగ్య శాఖను అడిగి మండలాల వారీగా ప్రచురించగలరు. శ్రీకాకుళం జిల్లాతో మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా.